ఆధారం లేని మాట

"ఆ బొమ్మలు ఉప్పలయ్య వేసినయి కావమ్మా. జర ఆ పేరు తీసెయ్యి."

కాలేజీ కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడి ఈ మాట అన్న ముసలాయన్ని ప్రశాంతి ఎగాదిగా చూసింది. నలిగిన చొక్కా, చంకలో గొడుగు, మిర్యాలగూడ బస్సు దుమ్మంతా ఆయన మొహం మీదే ఉంది.

అది 2013. సూర్యాపేటలో కళాచరిత్ర పేపర్ తీసుకున్న పిల్లలకు, నెట్‌లోని విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు బాగుచేయడం నేర్పుతున్నారు. నేర్పేది ప్రేమ్‌కుమార్ సారు. ఆయన నేర్చుకున్నది నిన్నగాక మొన్న. అయినా ఆ విద్య తన తాతల నాటి సొత్తన్నట్టు మాట్లాడతాడు.

కోదాడ నుంచి వచ్చి చదువుతున్న ప్రశాంతి వంతుకు మిర్యాలగూడ చిత్రకారుడు ఉప్పలయ్య వచ్చాడు. నాట్లేసే ఆడవాళ్ల బొమ్మలతో ఒకప్పుడు పేరు తెచ్చుకున్న మనిషి. నాలుగు ముక్కలున్న వ్యాసాన్ని ప్రశాంతి చాంతాడంత చేసింది. అంతా పాత పేపర్లు చూసి రాసిందే. రాసినవాళ్ల వివరాల్లో తన పేరూ కాలేజీ పేరూ పెట్టుకుంది.

ఒకసారి వెళ్లి ఆయన్ని చూసొద్దామా అంటే సారు కొట్టిపారేశాడు.

"మనం కండ్లతోని చూసింది ఎవనికి కావాలె? అచ్చయిందే ఆధారం."

ప్రశాంతికి ఆ మాట తెగ నచ్చింది. బస్సు ఖర్చు లేని జ్ఞానం ఎవరికి చేదు?

"ఉప్పలయ్య గారు వేయకపోతే ఎవరేశారంట?" అని ముసలాయన్ని అడిగింది.

"ఆయన భార్య పిచ్చమ్మ. పగలంత నాట్లేసొచ్చి, వంటయినంక బొమ్మలేసేది. కింద ఆయన పేరు రాసుకునేటోడు."

"ఆవిడ చదువుకుందా?"

"లేదమ్మా."

"పేరు రాసుకోవడం రానావిడ బొమ్మలేసిందా?"

పిల్లలంతా నవ్వారు.

"రాదనే కదమ్మా, ఆయనకు అలుసైంది."

ప్రశాంతికి ఒళ్లు మండింది. పేరున్నవాడి మీద బురద చల్లేవాడు ఊరికొకడు ఉంటాడని సారు ముందే హెచ్చరించాడు. పైగా మంచి వ్యాసానికి బహుమతి ఉంది. ఈయన మాట వింటే వ్యాసమంతా గంగలో కలిసినట్టే.

"ఆధారం చూపించండి. పేపర్లో వచ్చిందా?"

"నేను చూసిన."

"మీరు చూస్తే చెల్లదండీ."

ముసలాయన గొంతు తగ్గించాడు. "ఆమెకు పాణం బాగలేదు. ఎన్నాళ్లుంటదో తెల్వదు. అండ్ల నీ పేరున్నదని ఆమెకు ఒక్కసారి సదివి ఇనిపియ్యాలె. గంతే."

"ఇంతకీ మీరు ఆవిడకి ఏమవుతారు?"

ఆయన నేలచూపులు చూశాడు. "ఆ ఇంట్లనే ఉంట."

ఇంకేం కావాలి? ఆవిడ అన్నో తమ్ముడో అయి ఉంటాడు. బావ తిండి తింటూ బావ పేరుకే ఎసరు పెట్టే రకం.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే" అని పక్కనున్న భాగ్యతో అంది. గుసగుసలాడినట్టే అంది గానీ, ఆయనకు వినబడేలాగే అంది.

సారు లేచి వచ్చాడు. "క్లాసు నడుస్తున్నది పెద్దమనిషీ. ఇగ బయటికి నడువు."

ఆయన కదలకపోతే భుజం పట్టుకుని వరండా దాకా తోసి వచ్చాడు.

వారం తిరక్కముందే వ్యాసంలో ఉప్పలయ్య పేరున్న చోటల్లా పిచ్చమ్మ పేరు వచ్చి కూర్చుంది. ఏ నెట్ సెంటర్ నుంచో మార్చించి ఉంటాడు. ప్రశాంతి దిద్దింది. మళ్లీ మారింది. మళ్లీ దిద్దింది.

చివరికి సారు నెట్‌లోని పెద్దలకు ఫిర్యాదు రాసి ఆ పేజీకి తాళం వేయించాడు. ఇక బయటివాళ్లెవరూ ఒక్క అక్షరం కదపలేరు.

"పీడ ఖతం" అన్నాడు.

బహుమతి ప్రశాంతికే వచ్చింది. ఒక్కటే లోటు, ఉప్పలయ్య ఫొటో లేదు. పేపర్లు ఆయన బొమ్మలు వేసుకున్నాయే గానీ మనిషిని వేయలేదు. ఫొటో కూడా పెడితే వ్యాసం నిండుగా ఉంటుందని సారూ ప్రశాంతీ ఒక శాలువా కొనుక్కుని మిర్యాలగూడ బస్సెక్కారు. ఫొటో కావాల్సి వచ్చేసరికి కాళ్లొచ్చాయి ఇద్దరికీ.

రైసు మిల్లుల వెనక సందులో ఇల్లు. ముందు టెంటు వేసి ఉంది. పక్కింటి రేణుకమ్మ ఎదురొచ్చింది.

"పిచ్చమ్మ మొన్న పోయిందయ్యా. మీరు ఎవలు?"

సారు శాలువాను సంచిలో కుక్కేశాడు. ప్రశాంతికి జాలి కలగకపోలేదు. కానీ ఇంత దూరం వచ్చి ఫొటో లేకుండా పోవడమెట్లా అన్న బాధే ఎక్కువగా కలిగింది.

"సూర్యాపేట నుంచి వచ్చామండీ. ఉప్పలయ్య గారిని ఒక్క ఫొటో తీసుకుని వెళ్లిపోతాం."

"తీసుకోండ్రి. మాట్లాడిపియ్యకుండ్రి. అన్నం ముట్టలే. ఆమె ఇనకుంటనే పాయె, ఇనకుంటనే పాయె అని ఒక్కటే తీర్గ అంటుండు. ఏం ఇనాల్నో మాకెవలకు తెల్వదు."

లోపల చాప మీద ఒక మనిషి మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"ఉప్పలయ్యా, నీ కోసం ఎవలో వచ్చిండ్రు" అంది రేణుకమ్మ.

ఆయన తల ఎత్తాడు. ఆధారం లేదని వాళ్లు బయటికి తోసేసిన ముసలాయనే.