ముందుగది నేల

ఇంటిని వెచ్చబరిచే బాయిలర్ మీది ఒత్తిడి ముల్లు మళ్ళీ సున్నాకి పడిపోయింది.

నిన్న మెకానిక్ ఫోన్లో చెప్పినట్టే హేలీ నీళ్ళు నింపింది. తెల్లారేసరికి ఒత్తిడి లేదు, ఇంట్లో వేడీ లేదు.

ఆమె కోటు విప్పకుండానే వంటింట్లో నిలబడి తిట్టిపోసింది. తిట్లన్నీ నార్మన్‌కే. ఆయన పోయి అప్పటికి వారం.

నార్మన్ ఆమె తల్లికి రెండో భర్త. పంతొమ్మిదేళ్ళలో హేలీ ఆయన్ని ఒక్కసారి కూడా నాన్నా అనలేదు. తల్లి పోయాక రెండేళ్ళు ఒక్కడే ఈ ఇంట్లో ఉంటే తొంగి చూడలేదు. ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసీ వెళ్ళలేదు.

కాసేపటికి మెకానిక్ క్లైవ్ వచ్చాడు, పెద్దవాడు. హాలిఫాక్స్ ఊళ్ళో సగం ఇళ్ళ బాయిలర్లు ఆయనకి పేరుపేరునా తెలుసు.

"కాస్త టీ ఇస్తావా తల్లీ? వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"ఇస్తాను, ముందు దీని సంగతి చూడండి. మా అమ్మ మొగుడు ఇంటిని గాలికొదిలేశాడు."

క్లైవ్ పనిలోకి దిగాడు. ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే గొట్టం చూశాడు, పొడిగా ఉంది. గదుల్లో వేడినీళ్ళు తిరిగే రేడియేటర్లన్నీ గుడ్డతో తుడిచి చూశాడు, తడి లేదు. నీళ్ళు నింపి, అవి పైపుల్లోకి పోకుండా బాయిలర్ కింది కవాటాలు మూసి, గంటసేపు కూర్చున్నాడు. మూడు కప్పుల టీ తాగాడు.

"ముల్లు కదల్లేదు. అంటే బాయిలర్ బాగానే ఉంది. కారేది పైపే, నేననుకున్నట్టే."

"ఎక్కడ?"

"ముందుగది కింద. మట్టిలోకి ఇంకిపోతోంది. నేల చెక్కలు ఊడబెరకాలి."

హేలీ గిరుక్కున ముందుగది వైపు తిరిగింది.

"వీల్లేదు! అవి మా నాన్న పరిచినవి. నన్ను కన్న నాన్న. పోయే ముందు చలికాలమంతా కూర్చుని ఒక్కొక్కటీ అతికించాడు."

"పోనీ, గోడల మీదుగా కొత్త పైపు..."

"గోడల చెక్కపనీ ఆయనదే. మేకు దిగితే ఊరుకోను."

క్లైవ్ కప్పు కింద పెట్టాడు.

"తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే నిలబడి ఇవే మాటలు చెప్పాను. అప్పుడూ వద్దన్నారు."

"అమ్మేనా వద్దంది?"

"నార్మన్."

"ఖర్చవుతుందని భయపడి ఉంటాడు."

"ఎంతైనా ఇస్తా, ఆ గది మాత్రం ముట్టుకోకుండా చెయ్యమన్నాడు. కుదరదన్నాను. అయితే నీళ్ళు నింపే కుళాయి చూపించు, రోజూ నేనే నింపుకుంటా అన్నాడు."

"రోజూనా?"

"పొద్దున్నే ఐదింటికి, సింకు కింద మోకాళ్ళ మీద. చివర్లో లేవడానికి కుర్చీ పట్టుకునేవాడు. ఒక్క రాత్రి ఊరు దాటింది లేదు. జనవరిలో వేడి ఆగితే పైపులో నీళ్ళు గడ్డకట్టి అది పగిలి, ఆ చెక్కలన్నీ పైకి లేచిపోతాయని ఒకటే బెంగ."

హేలీ పెళ్ళి ఎడిన్‌బరోలో, జనవరిలోనే జరిగింది. అమ్మ ఒక్కతే వచ్చింది. ఆయనకి ఇంట్లో పనుందట అంది. ఆ మాటకి హేలీ ఆరేళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు మాట్లాడదామంటే మనిషి లేడు.  ఆమె కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ నేల ఆయనకేమవుతుంది క్లైవ్ గారూ? ఎందుకు చేశాడు?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నేనూ అదే అడిగాను తల్లీ. నవ్వాడు."

"ఏమన్నాడు?"

క్లైవ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"'నేనీ ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఆ పిల్ల గుమ్మానికి అడ్డంగా నిలబడింది, మా నాన్నవి ఏవీ ముట్టుకోకు అంది. ఇన్నేళ్ళలో నన్ను అడిగింది అదొక్కటే. అదైనా చెయ్యకపోతే నేనేం తండ్రిని?' అన్నాడు."