పిలిస్తే పలికింది

బడి నుంచి మధ్యాహ్నమే వచ్చేసిన వసుంధర గుమ్మంలోనే ఆగిపోయింది.

వంటింట్లో ఆమె తల్లి మాణిక్యమ్మ తన కంచంలోనే పప్పన్నం ముద్ద చేసి, పనిమనిషి విక్టోరియా నోట్లో పెడుతోంది.

"తిను చెల్లీ. బొత్తిగా చిక్కిపోయావు."

"తింటున్నానక్కా."

ఆ 'అక్కా' వసుంధరకి చురుక్కుమంది.

మాణిక్యమ్మకి మతిమరుపు ముదిరి ఏడాది దాటింది. కూతుర్ని చూసినా, "ఎవరండీ మీరు? ఎవరికోసం వచ్చారు?" అంటుంది. ఆవిణ్ణి చూసుకోడానికి ఏలూరులో పనిమనుషుల ఏజెన్సీ వాళ్ళు పంపిన ఆడపిల్లలు ఒక్కరూ నిలవలేదు. స్నానమంటే చెంబు విసిరేది. అన్నం పెట్టబోతే గిల్లేది.

అప్పుడు తనంతట తానే వచ్చింది విక్టోరియా. కొల్లేరు లంకల్లో ఊరు. అరవై దాటిన మనిషి.

"పెద్దావిడకి తోడుగా మనిషి కావాలంటున్నారంట కదండీ. నేనుంటానండీ."

"మా అమ్మ తిడుతుంది, కొడుతుంది. ఓర్చుకోగలరా?"

"అలవాటేనండీ."

మొదటిరోజే మాణిక్యమ్మ ఆమె ముందు తలొంచుకుని కూర్చుని జడ వేయించుకుంది. నీళ్ళు పోయించుకుంది. ఇల్లు కుదుటపడింది.

వసుంధర కుదుటపడలేదు. కన్నకూతురెవరో తెలియని అమ్మకి, ఎక్కణ్ణించో వచ్చిన మనిషి చెల్లెలైపోయింది!

"ఏం జరుగుతోందిక్కడ?" గుమ్మంలోంచే అరిచింది.

విక్టోరియా గబుక్కున లేచింది. "ఆవిడే పెట్టారండీ. వద్దంటే ఏడుస్తున్నారు."

"ఆవిడకైతే మతి లేదు. నీకేమైంది? చెల్లీ అంటే పలకడమేనా? మా అమ్మకి చెల్లెళ్ళెవరూ లేరు. తనకి తోడబుట్టిన ఆడపిల్లే లేదని ఎన్నిసార్లు చెప్పిందో!"

విక్టోరియా ముఖం పాలిపోయింది.

"అలా చెప్పేవారాండీ?" అని మాత్రం అడిగింది.

"బట్టలు సర్దుకో. నీ సేవలు చాలు."

సంచీ పట్టుకుని గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"పిలిస్తే పలకండి టీచరుగారండీ. ఎవరనుకుని పిలిచినా పలకండి."

ఆ సాయంత్రం నుంచీ మాణిక్యమ్మ "చెల్లీ! చెల్లీ!" అంటూ గేటు పట్టుకుని నిలబడేది.

"చెల్లిని కాదమ్మా, నీ కూతుర్ని," అనేది వసుంధర.

మాణిక్యమ్మ బెదురుగా చూసి, మళ్ళీ వీధివైపే తిరిగేది. తిండి మానేసింది. జ్వరం పట్టుకుంది.

"ఆవిణ్ణే మళ్ళీ పిలవరాదూ?" అన్నాడు భర్త మురళీకృష్ణ.

వసుంధర ఫోన్ చేతిలోకి తీసుకుంది. చూసి, పక్కన పెట్టేసింది. ఆవిడ కాళ్ళావేళ్ళా పడే గతి నాకింకా పట్టలేదు అనుకుంది.

నెల తిరక్కుండానే మాణిక్యమ్మ పోయింది.

శవాన్ని వరండాలో పడుకోబెట్టారు. ఉంగుటూరు నుంచి వసుంధర మేనమామ పాండురంగారావు వచ్చి, అక్కగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

కాసేపటికి గేటు అవతల, ఎండలో విక్టోరియా కనిపించింది. లోపలికి రాలేదు. కమ్మీలు పట్టుకుని, సందుల్లోంచి చూస్తోంది.

పాండురంగారావు విసురుగా లేచాడు.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? పో!"

విక్టోరియా కమ్మీలు వదిలేసింది. శవం వైపు చేతులు జోడించి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

"ఎందుకు తరిమేశారు మావయ్యా? అమ్మని చూసుకున్న మనిషి!"

"అదా? అది అక్కయ్యని చూసుకుందా?"

"స్నానం, తిండి, అన్నీ ఆవిడే. అమ్మ తన కంచంలోంచి ముద్దలు చేసి పెట్టేది ఆవిడకి."

"అక్కయ్యే? దానికి పెట్టిందా?"

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"కులం కానివాణ్ణి చేసుకుని, మతం మార్చుకుని, పేరు కూడా మార్చుకుందని, అది చచ్చిపోయినట్టే లెక్కని మా అందరిచేతా తలస్నానాలు చేయించింది మీ అమ్మేనమ్మా."

"ఎవరు మావయ్యా ఆవిడ?"

పాండురంగారావు ఖాళీ వీధిలోకి చూస్తూ అన్నాడు.

"మతి ఉన్నన్నాళ్ళూ మీ అమ్మ గడప తొక్కనివ్వని మా ఆఖరి చెల్లెలు."