మబ్బుల గోడ

సంతోషి గోరుతో స్టిక్కర్ అంచు లాగింది. నీలాకాశం, తెల్ల మబ్బులు, బుల్లి విమానం సగం దాకా ఊడి వేలాడాయి. వెనక గోడంతా నల్లటి బూజు. అవతలున్న ఓనరు బాత్రూం కంపు గుప్పుమంది.

"థూ. గీ గోడ పక్కన పసిపిల్లను పండవెడ్తవా?"

ఆమె భర్త వీరేందర్ తలుపు దగ్గరగా వేశాడు. "మెల్లగ. మీ అమ్మ ఇంటది."

పాపకు మూడో నెల రాగానే కూతురిని దించిపోదామని రేణుకమ్మ మంఖాల్ నుంచి వెంట వచ్చింది. బయట పాపనెత్తుకుని ఓనరమ్మతో మాట్లాడుతోంది.

"గోకిన. సున్నం గూడ ఏసిన. మల్లొస్తది. శంషాబాద్‌ల గీ కిరాయికి ఇంకో అర్ర దొరకదు."

"మరి ఫోటోల అంత మంచిగ చూపిచ్చినవ్?"

"ఫోటోల వాసన రాదు గదా."

సంతోషికి గోడ కంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది.

"మీ అమ్మ చూస్తే మల్ల తీస్కపోతది," అన్నాడతను. "ఇప్పటికే పాప నన్ను చూస్తే ఏడుస్తున్నది."

తలుపు తెరుచుకుంది. సంతోషి గబుక్కున మబ్బులను అరచేత్తో గోడకు అదిమింది.

"మంచిగ చేసిండు అల్లుడు," అంది రేణుకమ్మ. ముక్కు ఎగబీల్చింది. "ఏంది వాసన?"

"కొత్త స్టిక్కర్ గదమ్మా, గమ్ము వాసన."

"చెయ్యి తీయ్ బిడ్డా. ఫోటో తీసి మీ బాపుకు పంపిస్త."

చెయ్యి తీస్తే మబ్బులు ఊడతాయి. సంతోషి మెల్లగా ఇటు తిరిగి, వీపును గోడకు ఆనించింది. చల్లటి తడి జాకెట్టులోంచి ఒంటికి అంటింది.

"గిట్లనే తీయ్ అమ్మా," అంది.

ఊపిరి బిగబట్టి నవ్వింది.