హులిగెమ్మ ప్రార్థన

చక్రధర్ చేతిలోంచి గంజి గిన్నె జారి వార్డు గచ్చు మీద ఒలికింది.

"ఏమే ఆయా, యాడ చూస్తాండావు? బేగ తుడుచు," అన్నాడు చక్రధర్.

తలుపు పక్కన కూర్చున్న ఆడమనిషి గోడ పట్టుకుని లేచింది. గుడ్డ తెచ్చి తుడిచింది.

చక్రధర్ లారీలు సండూరు గనుల్లో తిరుగుతాయి. సొంతూరు తారానగర్‌లో ఆయన ఎదురొస్తే జనం పక్కకు తప్పుకుంటారు. భార్య నాగలక్ష్మమ్మకు ఊపిరితిత్తులు దెబ్బతిని బళ్లారి ఆసుపత్రిలో చేర్చాక ఆయన గొంతుకు విలువ పోయింది. డాక్టర్లు లొంగలేదు. జబ్బు అసలే లొంగలేదు. చెప్పిన మాట వినేది ఆ ఆయా ఒక్కతే. అందుకే కసురంతా ఆమె మీదే.

"హులిగెమ్మను ఏమీ అనొద్దు," అంది నాగలక్ష్మమ్మ ఆయాసపడుతూ. "పొద్దస్తమానం నా వీపు నిమురుతా కూర్చుంటాది."

"జీతం తీసుకునేది దానికే కదా," అన్నాడు చక్రధర్. ఆమె ఏదో చెప్పబోతే దగ్గు అడ్డొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి హులిగెమ్మ, నాగలక్ష్మమ్మ తల మీద చేయి పెట్టి కళ్లు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"ఏందిది?"

"ప్రార్థనప్పా. యేసయ్యకు చెప్పుకుంటాండా."

"మాకు మా దేవుళ్లుండారు. నీ పని బాత్రూం కడిగేది. పో, అది చెయ్యి. ఇంకోసారి ఇట్లాంటివి చేస్తే వార్డులో లేకుండా చేస్తా."

"నేనే అడిగినా," అంది నాగలక్ష్మమ్మ. సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆయన వినిపించుకోలేదు.

హులిగెమ్మ బాత్రూం కడిగి వెళ్లిపోయింది. కాసేపటికి ఫోన్ మాట్లాడదామని వరండాలోకి వెళ్లిన చక్రధర్‌కు స్తంభం చాటు నుంచి ఆమె గొంతు వినిపించింది.

"తండ్రీ, ఆయమ్మకు ఊపిరి తేలిగ్గా రానీ. ఆయప్ప చానా భయపడుతుండాడు. అరిచేది భయంతోనే. ఆయప్పకు తోడుండు."

చక్రధర్ చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాడు. తన భయం ఎవరికీ కనపడదనుకున్నాడు ఇంతకాలం.

ఆ వారంలోనే నాగలక్ష్మమ్మ పోయింది. శవాన్ని బండి ఎక్కిస్తుంటే హులిగెమ్మ దూరంగా నిలబడి కళ్లు ఒత్తుకుంది. ఆయన ఆమెను పలకరించలేదు.

ఇల్లు బోసిపోయింది. పనివాళ్ల మీద అరవడం మానేశాడు. ఆ ప్రార్థన మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఒక ఆదివారం దోణిమలై దారిలో ఓ చిన్న చర్చి ముందు కారు ఆపాడు. చెప్పులు విడిచి, చివరి చాప మీద, తన లారీ డ్రైవర్ల మధ్య కూర్చున్నాడు. వాళ్లు కంగారుగా జరగబోతే వద్దని చేయి ఊపాడు. దేవుణ్ని ఏం అడగాలో తెలియలేదు. "తోడుండు" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఏడుపు తన్నుకొచ్చింది.

తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాడు. మోకాళ్లూనిన ప్రతిసారీ హులిగెమ్మ ముఖమే అడ్డొచ్చేది. ఆమె కాళ్లు పట్టుకోకుండా ప్రార్థన చేసే హక్కు తనకు లేదనిపించింది. ఆమె ఊరు తెక్కలకోట అని కనుక్కుని బయలుదేరాడు.

ఇంటి ముందు హులిగెమ్మ చెల్లెలు నాంచారమ్మ బియ్యం చెరుగుతోంది. ఆయన తానెవరో చెప్పాడు.

"నాగలక్ష్మమ్మ వాళ్లాయనా? మా అక్క లేదప్పా. మీ ఇంటామె వెనకాలే పోయింది. కడదాకా మీ కోసరం ప్రార్థన చేస్తానే ఉండె."

చక్రధర్ ఆమె చేట ముందు నేల మీదే కూర్చున్నాడు.

"తప్పు చేసినానమ్మా. ఆయానే కదా అని నోటికొచ్చినట్ల తిట్టినా. బాత్రూం కడిగించినా."

నాంచారమ్మ చేట పక్కన పెట్టింది.

"మా అక్క ఆడ ఆయా అని ఎవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. వెలిసిన చీర చూసి ఆయనే అనుకున్నాడు.

"కడుపులో గడ్డని వైద్యానికి చేరిందప్పా," అంది నాంచారమ్మ. "మీ ఇంటామె వచ్చిన పొద్దు, మీరు డాక్టర్ల కాడికి పోయినప్పుడు, మంచాలు లేవని ఆయమ్మను వాపసు పంపబోతాంటే, 'ఆయమ్మకు ఊపిరాడలేదు, నాకు వరండాలో చాప చాలు' అని లేచింది. మీ ఇంటామె పండుకున్నది మా అక్క మంచం మీదనే."