కొట్లో దొరకని మందు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సముద్రం వైపు ఎండ, కొండల వైపు వాన. బరంపురం మధ్యలో ఉంది గనక రెండూ తగిలాయి.

తడుస్తూ ఒకావిడ పరుగున వచ్చి కాశీవిశ్వనాథం పసారీ కొట్టు అరుగెక్కింది.

"బేరానికా అమ్మా, వానకా?" అన్నాడాయన తలెత్తకుండానే.

"వానకే అన్నయ్యా. నా పేరు బాలాంబ. ఇచ్ఛాపురంలో మాదీ కొట్టే. అబ్బాయి పెళ్ళికి పట్టుచీరలు నేయిద్దామని ఎల్తన్నాను."

బేరం కాదని తెలిశాక ఆయనకి ఆవిడతో పని లేకపోయింది. కల్వంలో నీలంగా ఏదో నూరుకుంటున్నాడు.

"ఏటది?"

"మైలుతుత్తం. మా అమ్మాయి మొహానికి. మొటిమలు."

కాశీవిశ్వనాథం కొట్లో అన్ని జబ్బులకీ మందుంది. కూతురు వాసవీకుమారికి వచ్చిన చిక్కే అది. గంధకం రాశాడు. సున్నం రాశాడు. నిమ్మరసంలో వెలిగారం రాశాడు. కొట్లో సరుకంతా వరసగా పిల్ల మొహం మీదికెక్కింది.

మొటిమలు తగ్గలేదు. మొహం మాత్రం కందిపోయింది.

శారదా చట్టం వచ్చిందని పధ్నాలుగు నిండేదాకా ఆగి, ఇప్పుడు ఛత్రపురం సంబంధం చూశారు. పిల్ల గదిలోంచి బయటికి రానంటోంది. పెళ్ళివారు వచ్చినా సరే, రానంటోంది.

"ఓలమ్మో! మొహమనుకున్నావా, ఇత్తడి చెంబనుకున్నావా?"

ఆయన అడ్డుపడేలోగా బాలాంబ లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి మాణిక్యాంబ చేతులు తుడుచుకుంటూ మొగుడి వెనకే పరుగెత్తింది.

గది మూల కూర్చున్న పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది బాలాంబ.

"ఎవుడే నిన్నిలా సేసింది?"

"నాన్నే," అంది వాసవి.

"ఆ రాతలన్నీ ఆపీ. రెండు పూటలా సల్లటి నీళ్ళతో కడుక్కో. కాసింత పెసరపిండి తడిపి, రుద్దకండా అద్దు. గిల్లకు. తలనూనె నుదుటి మీదకి కారనీకు. తలగడ గుడ్డ ఎప్పటికప్పుడు ఉతుకు."

"అంతేనా, అత్తా?"

"అంతే. మిగిలింది ఓపిక. అది మీ నాన్న కొట్లో దొరకదు."

గుమ్మంలో నిలబడ్డ విశ్వనాథం నవ్వాడు. "పెసరపిండా? ఇది వైద్యమా, పెసరట్టా?"

"అట్టు మాడ్సింది నువ్వే కదన్నయ్యా!"

మాణిక్యాంబ నవ్వాపుకోలేక కల్వం తీసుకుపోయి ఎక్కడో దాచేసింది.

వాన వెలిసింది. బాలాంబ వెళ్ళిపోయింది. భోంచేసి వెళ్ళమని విశ్వనాథం అనలేదు.

ముందు ఎరుపు పోయింది. తర్వాత మొటిమలు ఒక్కొక్కటే ఎండాయి. వాసవి ముందు దొడ్లోకి వచ్చింది, తర్వాత వీధిలోకి. ఛత్రపురం వాళ్ళు వచ్చిననాడు తలెత్తుకునే కూర్చుంది. బుగ్గ మీద ఇంకా కొన్ని మిగిలాయి. అవి పెళ్ళికొడుక్కీ ఉన్నాయి. ఎవరికీ అడ్డం రాలేదు.

చలి మొదలయ్యాక బాలాంబ పట్టుచీరల మూట చంకన పెట్టుకుని పిల్లని చూడ్డానికి వచ్చింది. విశ్వనాథం గబగబా కొట్టు దిగాడు.

"ఈపాలి తినకండా ఎల్నివ్వను!"

పట్టుబట్టి అందరికీ ఒకే బంతిలో ఆకులు వేయించాడు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందిపప్పు, ముక్కల పులుసు. వడ్డించి మాణిక్యాంబా కూర్చుంది.

"ఇయన్నీ ఎక్కడ నేర్సావు వదినా?"

"మా అమ్మ దగ్గర. నాకు పన్నెండేళ్ళకే మొటిమలు తొందరపడి వచ్చేసినాయి. అప్పుడే మా ఖల్లికోటలో పెళ్ళిసూపులు. బరంపురం నించి పెళ్ళికొడుకొచ్చినాడు. నేను తలెత్తితే కదా, ఆడెలాగుంటాడో సూడ్డానికి! ఆడేమో, 'పిల్ల మొహం మీద ఆవాలు ఏగుతున్నాయి' అనేసి ఎల్లిపోనాడు. మా అమ్మ ఏడుస్తూనే పెసలు విసిరింది."

బాలాంబ నవ్వింది. వాసవి పొలమారేదాకా నవ్వింది.

మాణిక్యాంబ మెటికలు విరిచింది. "ఎవుడోగానీ, ఆడి కూతురికీ అలాగే రావాల!"

అనేసి మొగుడి వైపు తిరిగింది. ఆయన చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

వాసవి నవ్వు ఆగింది. బాలాంబ ఆయన్ని ఓ క్షణం చూసింది. కూర గిన్నె మెల్లిగా ఆయన వైపు జరిపింది.

"తినన్నయ్యా. సల్లారిపోద్ది."

ఒకప్పుడు ఖల్లికోటలో ఆ ఆవాల మాటన్న పెళ్ళికొడుకు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.