పక్క మంచం కార్డులు

“ఏవండీ, చెయ్యి తీయండి!”

దక్షిణామూర్తి గొంతుకి హాలులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

బల్ల ముందు నిలబడ్డ ముసలావిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. వెలిసిన చీర, భుజాన గుడ్డసంచి. బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టుంది.

“ముట్టుకోవద్దని బోర్డు పెట్టాం కదండీ.”

“నాకు చదువు రాదు బాబూ,” అందావిడ.

ఏలూరులో ఒక స్కూలు హాలులో జరుగుతున్న ప్రదర్శన అది. పాత స్టాంపులు, నాణేలు, అగ్గిపెట్టెల బొమ్మలు. అన్నిటికంటే జనం ఎక్కువగా మూగుతున్నది కాలేజీ లెక్చరర్ దక్షిణామూర్తి బల్ల దగ్గరే.

ఆయన దాచుకున్నవి క్రికెట్ కార్డులు. ఒకప్పుడు బబుల్ గమ్ కొంటే లోపల వచ్చేవి. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని పరుగులు, వికెట్లు.

జుట్టు నెరుస్తున్న మగవాళ్ళు వాటిని చూడగానే చిన్నపిల్లలైపోతున్నారు.

“పరుగులెక్కువ ఉన్నవాడు ఎదుటివాడి కార్డు పట్టుకుపోయేవాడు కదండీ!”

“గమ్ పారేసి కార్డు దాచుకున్నానని మా అమ్మ వీపు చిట్లగొట్టిందండీ!”

నిన్న అలా మురిసిపోయినవాళ్ళలోనే ఎవరో రెండు కార్డులు మాయం చేశారు. పొద్దున్నించీ మూర్తికి అందరిమీదా అనుమానమే.

ముసలావిడ కదల్లేదు. బల్ల చివర, అంచులు నలిగిపోయిన కార్డుల వంకే చూస్తోంది.

“ఇవి మీరు కొనుక్కున్నవేనా బాబూ?”

“కాదండీ. నా స్నేహితుడు ఇచ్చినవి.”

“స్నేహితుడా?”

ఆ కథ చెప్పడమంటే మూర్తికి ఎప్పుడూ ఇష్టమే.

“చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో పడ్డానండీ. పక్క మంచం మీద రాజ్ కుమార్ అని నా ఈడు కుర్రాడు. వాడిదీ అదే జ్వరం. వాడి తలగడ కింద ఈ కార్డులుండేవి. ఓపికున్నంతసేపూ ఆడుకునేవాళ్ళం. ఓరోజు నేను లేచేసరికి మంచం ఖాళీ. తగ్గిపోయి ఇంటికెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కార్డులన్నీ నాకిమ్మని వాళ్ళమ్మకిచ్చాడు.”

“ఆనక?”

“వాడికి తగ్గిందంటే నాకూ తగ్గుతుందనుకున్నాను. అప్పటిదాకా మందు మింగనని మొండికేసినవాణ్ణి ఆ పూటే మింగాను. ఆ ధైర్యంతోనే బతికానని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.”

ఆవిడ పైటకొంగుతో కళ్ళొత్తుకుంది. మూర్తి చూడలేదు. అవతల ఎవరో బల్లమీదికి వంగుతుంటే అటు ఓ కన్నేసి ఉంచాడు.

“ఒక్కటి చేత్తో పట్టుకుని ఇచ్చేస్తాను బాబూ.”

“కుదరదండీ.”

“నేను...”

“మీరు రాజ్ కుమార్ చుట్టాలంటారా ఏం?” మూర్తికి విసుగు ఆగలేదు. “చేతి చెమట తగిలితే పాడైపోతాయి మామ్మగారూ. వాడొచ్చి అడిగితే అన్నీ ఇచ్చేస్తాను. ఇంకెవరికీ ఇవ్వను.”

పక్కన ఎవరో నవ్వారు.

ఆవిడ చెప్పబోయిన మాట ఆగిపోయింది. మూర్తి ముఖంలోకి చాలాసేపు చూసింది.

“వాడు అడగడు లెండి,” అంది మెల్లగా. “మీరే ఉంచుకోండి. ఒంట్లో బాగుంటోందా బాబూ?”

అదేం ప్రశ్నో మూర్తికి అర్థం కాలేదు.

“బాగానే ఉందండీ. కాస్త జరగండి, వెనకవాళ్ళు చూడాలి.”

ఆవిడ జరిగింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వెళ్ళిపోయింది.

భోజనం క్యారేజీ తెస్తున్న అక్క సీతాలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోవడం మూర్తి దూరంనుంచి చూశాడు. ఆ ముసలావిడ చేతులు రెండూ పట్టుకుని అక్క ఏదో అడుగుతోంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఏదో చెప్పి, వచ్చిన ఆటో ఎక్కేసింది.

సీతాలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

“ఎవరక్కా ఆవిడ?”

“గుర్తుపట్టలేదుట్రా? పేపర్లో నీ ఫొటో చూసి ఎవరో చెప్తే, కొల్లేటి లంకల్నుంచి వచ్చిందిట. ఏమన్నావు ఆవిణ్ణి?”

“కార్డులు పట్టుకోబోతే గద్దించాను. ఇంతకీ ఎవరు?”

“విక్టోరియాగారురా. రాజ్ కుమార్ వాళ్ళమ్మ.”

మూర్తి బల్ల దాటి వీధిలోకి పరుగెత్తాడు. బస్టాండుకి పోయే రోడ్డంతా ఆటోలే. ఏ ఆటోలోనూ ఆవిడ లేదు.

రొప్పుతూ తిరిగొచ్చాడు.

“ఎంత పనిచేశానే అక్కా! నలుగురిలో అంతలేసి మాటలన్నాను. పోనీ, ఊరు తెలిసిందిగా? ఈ ఆదివారమే వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటాను. రాజ్ కుమార్ ని చూసి ఎన్నేళ్ళయిందో! ఈ కార్డులన్నీ వాడి చేతిలో పోసి...”

“ఏ లంకో అడిగాను. చెప్పలేదు.”

“ఎందుకని?”

సీతాలక్ష్మి క్యారేజీ కింద పెట్టింది. తమ్ముడి వైపు చూడలేకపోయింది.

“అప్పట్లో ఆసుపత్రిలో నీకు తోడుగా ఉన్నది నేనే కదా, నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. ఇప్పుడు గుమ్మంలోనూ అదే మాటంది. ఇంక నావల్ల కాదురా మూర్తీ.”

“ఏం చెప్పొద్దంది?”

“ఆ రాత్రి నువ్వు నిద్రపోయాక రాజ్ కుమార్ పోయాడురా; అదే జ్వరంతో ఉన్న నువ్వు బెంగపెట్టుకుంటావని, కొడుకు శవాన్ని బయట బండిలో ఉంచి, ముఖం కడుక్కుని, నవ్వుతూ నీ మంచం దగ్గరకొచ్చి, ‘వాడికి తగ్గిపోయింది బాబూ’ అని ఆ కార్డులు నీ చేతిలో పెట్టిన తల్లి ఆవిడ.”