వెతుకుతూనే ఉంటాం

ఈ టేక్ కూడా పోయింది.

“కట్,” అన్నాడు దర్శకుడు. గొంతులో విసుగు వినపడకుండా జాగ్రత్తపడ్డాడు. ఎదురుగా ఉన్నది మంత్రి. సినిమాలో కూడా మంత్రే. తన పేరుతో, తన పదవితో, ఇంటి నుంచి వేసుకొచ్చిన చొక్కాతోనే ఒక్క సీన్‌లో కనిపించడానికి ఒప్పుకున్నాడు.

సీన్ చిన్నది. నదిలో పడవ మునిగింది. కొడుకు గల్లంతైన తల్లి దగ్గరికి మంత్రి వస్తాడు. ఆమె అతని భుజం మీద తల ఆనించి ఏడుస్తుంది. అతను, “వెతుకుతూనే ఉంటాం తల్లీ, నీ బిడ్డ దొరికేదాకా వదలం,” అనాలి. నది అంటే స్టూడియో వెనకాల కట్టిన నీళ్ల తొట్టి. అందులో సగం ముంచిన చెక్క పడవ.

“అంత ఇబ్బందేముంది సార్,” అన్నాడు దర్శకుడు. “ఇవి మేం రాసిన మాటలు కూడా కావు. మీరన్నవే. పోస్టర్ల మీద చూసి పెట్టుకున్నాం.”

ఇబ్బంది అక్కడే ఉంది.

గత ఎన్నికల ముందు నిజంగానే ఒక పడవ మునిగింది. మంత్రి నిజంగానే వెళ్లాడు. ఒడ్డున తాడు కట్టి, జనాన్ని అవతల నిలబెట్టారు. వాళ్లు అరుస్తున్నారు. “అటు వద్దు సార్, మండిపడుతున్నారు. ఇటు రండి,” అన్నాడు పీఏ. ఇటు ఒక బండరాయి మీద ఒకావిడ కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. భుజం మీద తల పెట్టి, “ఒక్కగానొక్కడు బాబూ,” అని ఏడ్చింది. అతని నోట ఆ మాట దానంతటదే వచ్చింది. కెమెరాల కోసం అనలేదు.

మర్నాడు సాయంత్రం గాలింపు ఆపమని చెప్పింది కూడా అతనే. ఖర్చు, ఎన్నికల హడావిడి, కారణాలు చాలా ఉన్నాయి. ఫొటో మాత్రం ఊరూరా గోడలెక్కింది. అతను గెలిచాడు.

ఆ ఫొటోను భార్య ముందు గదిలో తగిలిస్తే తీయించాడు. “ఇంత బాగా ఎందులోనూ పడలేదండీ,” అంది ఆవిడ.

ఇవాళ సెట్‌లోకి రాగానే తల్లి వేషంలో ఉన్న మనిషిని చూశాడు. ఆ రోజు ఒడ్డున తన భుజం మీద ఏడ్చినావిడే. జుట్టు నెరిసింది. కుడి కనుబొమ్మ మీద గాటు అలాగే ఉంది. కొడుకు పోయి, ఆదుకునే దిక్కు లేక ఈ పనిలోకి వచ్చి ఉంటుందనుకున్నాడు.

“ఈవిడ ఎప్పటి నుంచి చేస్తోంది?” అని అసిస్టెంట్ డైరెక్టర్ని అడిగాడు.

“నేను చేరకముందు నుంచీ ఉన్నారు సార్. గ్లిజరిన్ పనే లేదు. యాక్షన్ అంటే చాలు, కళ్లు నిండిపోతాయి. ఏం తలుచుకుంటారో మరి.”

ఏం తలుచుకుంటుందో మంత్రికి తెలుసు.

పీఏ దగ్గరికొచ్చాడు. “ఆవిణ్ణి మార్పిస్తాను సార్. మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది.”

“నువ్వూ గుర్తుపట్టావా?”

పీఏ ఫోన్ చూసుకున్నాడు. “ఎక్కడో చూసినట్టుంది సార్.”

దర్శకుడు ఒప్పుకోలేదు. ఆవిడ లేకపోతే సీన్ పండదన్నాడు.

మళ్లీ యాక్షన్. ఆవిడ వచ్చింది. భుజం మీద తల ఆనించింది. అదే బరువు. “ఒక్కగానొక్కడు బాబూ,” అంది. ఆ మాట స్క్రిప్ట్‌లో లేదు.

“వెతుకుతూ...” అని మంత్రి ఆగిపోయాడు.

మేకప్ మనిషి వచ్చి అతని నుదురు అద్దాడు. “అసెంబ్లీలో గుక్కతిప్పుకోకుండా మాట్లాడతారు. మా దగ్గర ఇంత మొహమాటపడితే ఎలా సార్?” అందరూ నవ్వారు. మంత్రి కూడా నవ్వాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

భోజనానికి వదిలారు. ఆవిడ వరస చివరి కుర్చీలో కంచం పెట్టుకుని కూర్చుంది. మంత్రి అటు నడిచాడు.

“సార్, అటెందుకు? మీకు లోపల వడ్డించారు,” అన్నాడు పీఏ, దారికి అడ్డం వస్తూ.

“నువ్వుండవయ్యా.”

ఆవిడ కంచంతోనే లేచి నిలబడింది. అతని కళ్లలోకి చూడలేదు.

“నన్ను గుర్తుపట్టారా అమ్మా?”

“రాగానే పట్టాను బాబూ.”

“మరి ఒక్క మాటైనా అనలేదే.”

“ఏ మొహం పెట్టుకుని పలకరించమంటారు?”

“ఆ మాట అనాల్సింది నేను.” మంత్రి గొంతు తగ్గించాడు. ఆవిడ వినడానికి కాస్త ముందుకు వంగింది. “మీ అబ్బాయి కోసం వెతకడం ఆ మర్నాడే ఆపేశారు. ఆపించింది నేనే. మీ ఇల్లు కనుక్కుని వచ్చి చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. కాళ్లు రాలేదు. మీ బిడ్డ ఇంకా ఆ నీళ్లలోనే ఉన్నాడన్న సంగతి నేను మర్చిపోయానని మాత్రం అనుకోకండి. క్షమించమని అడగడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.”

ఆవిడ కంచం కుర్చీలో పెట్టింది. అతని భుజం మీదుగా పీఏ వైపు చూసింది. పీఏ నీళ్ల తొట్టి వైపు తిరిగి నిలబడ్డాడు.

“నన్ను అడక్కండి బాబూ,” అందావిడ తల దించుకుని, “నాకసలు పిల్లలే లేరు, ఆ రోజు కూడా వేషానికే నన్ను మీ పీఏగారు పిలిపించారు.”